సైకిల్ టైరూ, సుబ్బారావు గారి మామిడికాయలూ

మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. కాయ గట్టిదో కాదో బొటనవేలితో నొక్కి చెప్పేస్తానని నాకు కాస్త గర్వం. ఈ పొద్దున చాట్రాయి నుంచి సుబ్బారావు గారనే రైతు ఆటోలో కాయలు తెస్తే, రెండు నొక్కి చూసి, మెత్తబడ్డాయి, ఢిల్లీ లారీకి పనికిరావన్నాను.

"ఒక్కటి కోసి చూడండి" అన్నారాయన. చూడలేదు.

సాయంత్రం మౌంటెన్ బైక్ మీద తోటకి బయల్దేరుతుంటే మా అమ్మాయి గేజీ పట్టుకొచ్చింది. "ట్యూబ్‌లెస్ టైర్లో గాలి కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది నాన్నా, కొలుచుకుని వెళ్లు." నేను టైరు నొక్కి, రాయిలా ఉందన్నాను. రాయిలా ఉన్నది మందపాటి రబ్బరు, గాలి కాదు. చాట్రాయి రోడ్డు దిగి తోటలోకి తిరిగే మలుపులో ముందు టైరు రిమ్ము వదిలేసింది. గాలి భుస్సుమని పోయింది, పంక్చర్ పడితే పూడ్చడానికి లోపల పోసే తెల్లటి సీలెంట్ చొక్కా నిండా చిమ్మింది, నేను పక్కనున్న కాలవలో పడ్డాను.

నన్ను లేపింది ఎవరనుకున్నారు? ఖాళీ ఆటోలో ఇంటికి వెళ్తున్న సుబ్బారావు గారే.

"కాయలేం చేశారండీ?" అన్నాను.

"జ్యూస్ ఫ్యాక్టరీ బండికి అయినకాడికి పోసేశానండీ. మీరు వద్దన్నారని తెలిశాక ఇంకెవరూ ముట్టుకోలేదు."

సీటు కింద మిగిలిన ఒక్క కాయ కోసి, ముక్క నా చేతిలో పెట్టారు. కొరికితే పటుక్కుమంది. ఆయన నా సైకిల్ ఆటోలోకి ఎక్కించారు.

టైరుకైతే రేపటి నుంచి గేజీ పెడతాను. సుబ్బారావు గారికి ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యాలో మీలో ఎవరైనా చెప్పండి.