క్యాచర్ చోట ఇత్తడి చెంబు

మా అత్తమ్మ పోయారు. వినాయక నిమజ్జనం అయిన మర్నాడు, కాలేజీలో నేను చరిత్ర పాఠం మధ్యలో ఉండగా మా ఆయన ఫోన్ చేశారు. "అమ్మ లేదు" అని రెండు ముక్కలు చెప్పి, ఫోన్ ఎవరి చేతికో ఇచ్చేశారు. ఆసుపత్రిలో చేర్చి ఎన్నాళ్లో కాలేదు. ఇంటికి వచ్చేస్తారనే అనుకున్నాం. ఆమె కూడా అలాగే అనుకున్నట్టున్నారు, చక్కబెట్టాల్సిన పనులన్నీ సగంలో వదిలి వెళ్లారు.

రాయచూరులో ఆమెను నాకంటే ముందు నుంచి ఎరిగినవాళ్లు చాలామంది. కొందరికి బడి మైదానంలో ఎండలో పరుగెత్తించిన పీటీ టీచరు. పదవీ విరమణ తర్వాత ఎరిగినవాళ్లకు ఊరి ఆడవాళ్ల బేస్‌బాల్ జట్టు మేనేజరు. తెలియనివాళ్ల కోసం చెప్పాలి: మా చుట్టుపక్కల ఊళ్ల జట్లతో ఒక చిన్న లీగ్ ఉంది. మిల్లులవాళ్లూ విత్తనాల వ్యాపారులూ దాన్ని పోషిస్తారు, ఆడేవాళ్లకు ఆడినన్నాళ్లూ జీతం ఉంటుంది. ఆటలు చలికాలంలో. వానాకాలమంతా బేరాలు. ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని ఇచ్చి ఎవర్ని తెచ్చుకోవాలి అని. ఆ మార్పిళ్లకు గడువు దసరా.

అత్తమ్మ పోయేనాటికి దసరా ఎదురుగానే ఉంది. మా బేరం ఒకటి తేలకుండా ఉంది.

దహనం అయ్యి ఇంటికొచ్చాక వచ్చిన మొదటి ఫోన్లలో పోతనాళ జట్టు మేనేజరుది ఒకటి. కాలవ కింద పొలాలు కొనుక్కుని తాతల నాడు వచ్చిన కోస్తా కుటుంబం. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. చాలాసేపు ఏడ్చారు. ఏడ్చి, ముక్కు చీదుకుని, "ఇప్పుడడక్కూడదమ్మాయ్, నాకూ తెలుసు. కానీ గడువు దాటిపోతే నీకూ నాకూ ఇద్దరికీ నష్టవే. మీ క్యాచరు సంగతి అత్తగారేమైనా తేల్చారా?" అన్నారు.

జట్టు కమిటీలో నేనూ ఉన్నాను, అయినా తేల్చారో లేదో నాకు తెలియదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కూడా అదే.

సంగతి ఇది. బంతి విసిరే అమ్మాయిని పిచర్ అంటారు, బ్యాటు పట్టినవాళ్ల వెనక గొంతుక్కూర్చుని ఆ బంతిని పట్టే అమ్మాయి క్యాచర్. మా పిచర్‌కు పోలీసు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. పోతనాళ వాళ్లకు మంచి పిచర్లు ఇద్దరున్నారు, క్యాచర్ లేదు. ఒక పిచర్‌ను ఇస్తాం, మీ రేణుకను ఇవ్వండి అన్నారు. రేణుకది కవితాళ. ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతుంది, ఇద్దరు పిల్లల తల్లి. మోకాలు అప్పుడప్పుడూ పట్టేస్తోంది. పైగా కవితాళకు రాయచూరు కంటే పోతనాళే దగ్గర. ఎటు చూసినా బేరం సబబే. మా జట్టును పోషించే మిల్లు సావుకారు అయితే ఇంకా ఆలస్యమెందుకని రోజూ అడుగుతున్నాడు.

అత్తమ్మ మాత్రం వానాకాలమంతా హాల్లో నేల వంక చూస్తూ కూర్చున్నారు.

ఆ నేల గురించి చెప్పాలి. ఎవరిని ఎక్కడ ఆడించాలో కాగితం మీద రాసుకోవడం ఆమెకు చేతకాదు. "కాయితం మీద అందరు మంచిగనే కొడ్తరు" అనేవారు. మా హాల్లో షాబాదు బండల మీద వంటింటి సామాను పరిచి మైదానం చేసేవారు. పప్పుగుత్తి పిచర్. ఏదీ జారనివ్వదు గనుక టీ వడగట్టే జల్లెడ, రెండో మూడో బేసుల మధ్య బంతిని ఆపే షార్ట్‌స్టాప్. పరుగెత్తేవాళ్లు ముందుగా చేరాల్సిన మొదటి బేస్ దగ్గర, చోటు కదలని ఉప్పు జాడీ. దూరంగా గుమ్మం దగ్గర మూడు స్టీలు గ్లాసులు, దూరం కొట్టిన బంతుల కోసం కాచుకునే అవుట్‌ఫీల్డ్. క్యాచర్ చోట అడుగు బరువైన ఇత్తడి చెంబు. దాని వెనక పీట వేసుకుని ఆమె. అందరిలోకీ క్యాచర్ ఒక్కతే మైదానానికి ఎదురుగా కూర్చుంటుంది, మొత్తం ఆమెకే కనిపిస్తుంది. అత్తమ్మ పీట అక్కడ ఉండడానికి కారణం అదే.

నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు అది ఇంకా బడి జట్టు. శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం క్వార్టర్సు నుంచి మా నాన్న నన్ను చూడడానికి వచ్చారు. గుమ్మం దగ్గర నేల మీదున్న మూడు గ్లాసుల్లో మధ్యది తీసి, కడిగి, నీళ్లిచ్చాను. లోపలి నుంచి వచ్చి అత్తమ్మ గుమ్మం వైపు చూశారు.

"అగో! నా సెంటర్ ఫీల్డర్ ఏడబోయింది?"

మా నాన్న గ్లాసు నోటి దగ్గరే ఆపేశారు.

"తాగుండ్రి అన్నా, పరవా లేదు. తాగినంక మల్ల ఆడనే పెట్టుండ్రి" అన్నారు ఆమె. నాన్న ఆ గ్లాసును రెండు చేతులతో తీసుకెళ్లి, ఇక్కడేనా అని అడిగి మరీ పెట్టారు. ఇంటికెళ్లి అమ్మతో, పిల్లను ఎలాంటి ఇంట్లో ఇచ్చామో అని దిగులుపడ్డారట.

ఆమె పనితీరులో ఒక్క పట్టు ఉండేది. ఏ పిల్లను మార్చినా ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్లాలి. వాళ్లింట్లో జొన్నరొట్టె తినాలి. తన మనసులో ఏముందో తనే చెప్పాలి. ఆ తర్వాతే ఎదుటి జట్టుకు మాట. ఒకసారి సావుకారు ఫోన్లోనే ఒక అమ్మాయిని సింధనూరు జట్టుకు ఇచ్చేసి, మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చాడు. అత్తమ్మ డబ్బా మూత కూడా తీయలేదు.

"పిల్లకు చెప్పినవా?"

"చెప్దాం మేడం, పోయి చెప్దాం. అయినా టీమ్ మనదే గద."

"టీమ్ నీదే సావుకారూ, నేనేం కాదంటలేను. పిల్ల నీదెట్లయితది? పెండ్లిల గూడ పిల్లకు తెల్వకుంట ఇయ్యరు ఇప్పుడు. నువ్వు ఫోన్ల ఇచ్చి వస్తివా?"

"ఇప్పుడు మాట తప్పితే నా ఇజ్జత్ ఏమైతది?"

"నీ ఇజ్జత్ నేను కాపాడ్త. ఫోన్ కలుపు."

కలిపాడు. ఆమె సింధనూరు వాళ్లతో కన్నడంలో, నవ్వుతూనే, పది నిమిషాలు మాట్లాడి బేరం వెనక్కి తీసుకున్నారు. ఆ వారంలోనే ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, రొట్టె తిని, అన్నీ చెప్పి, చివరికి అదే జట్టుకు అదే అమ్మాయిని ఇచ్చారు. నాకు అర్థం కాలేదు. అంత చేసి, జరిగింది అదేగా అన్నాను. "అదే కాదు" అన్నారు. "రేపు గా పిల్ల మన ఎదురుంగ ఆడ్తది. మన మీద కోపంతోటి ఆడొద్దు. మంచిగ ఆడాలె."

ఆ అమ్మాయి తర్వాతి చలికాలంలో మమ్మల్ని చిత్తుగా ఓడించింది. ఆట అవగానే పరుగెత్తుకొచ్చి అత్తమ్మ కాళ్లకు దండం పెట్టింది. "చాలు చాలు, ఇంకొంచెం తక్కువ కొడ్తే ఏమైతుండె?" అని ఆమె దాని వీపు మీద ఒకటి వేశారు.

నేను అలాంటిదాన్ని కాను. ఏ చీర కట్టాలో తేల్చుకోవడానికి కూడా నాకు ఇద్దరి సలహా కావాలి. శక్తినగర్‌లో కంపెనీ బస్సు వస్తే ఎక్కడం, వెళ్లడం, అదే బస్సులో తిరిగి రావడం అలవాటైన ప్రాణం. అత్తమ్మ దాన్ని పట్టుకున్నారు. నేను ఎటూ తేల్చకుండా నిలబడితే చాలు, "ఏందమ్మా, కంపెనీ బస్సు ఇంక రాలేదా?" అనేవారు. కోపంతో కాదు. నవ్వించడానికి. అయినా జట్టు కమిటీలో నన్నే పెట్టుకున్నారు. ఎందుకని అడిగితే, "నువ్వు పది దిక్కుల చూస్తవు. చూసేటోళ్లు కావాలె. కని చూసినంక నడువాలె గద" అన్నారు.

ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు తెల్లవారుతూనే ఆయాసం మొదలైంది. అంబులెన్సు, పరుగులు. మళ్లీ ఆ హాలును నేను సరిగా చూసింది ఆమె పోయిన రోజు సాయంత్రం. అన్నీ ఉన్న చోటే ఉన్నాయి. జాడీ, జల్లెడ, గుమ్మం దగ్గర గ్లాసులు. పిచర్ చోట మాత్రం పప్పుగుత్తి లేదు, ఆ అమ్మాయి వెళ్లిపోయింది కదా, దాన్ని ఎప్పుడో వంటింట్లో పెట్టేశారు. క్యాచర్ చోట కూడా ఏమీ లేదు. ఇత్తడి చెంబు ఆమె మంచం పక్కన ఉంది. అడుగున కాసిని నీళ్లున్నాయి.

అంటే రేణుకను ఇచ్చేద్దామని తీసేశారా? లేక దాహమేసి, దగ్గర్లో ఉన్నదని తీసుకుని తాగారా?

మా ఆయన్ని అడిగాను. "దాహమయి ఉంటది" అన్నారు. చెంబు వంక చూసి, "ఏమో, అమ్మ ఆ చెంబుతో ఎన్నడూ తాగలేదు గద" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు పదిరోజులూ నిద్ర లేదు. కర్మలకు వచ్చిన చుట్టాలు హాల్లో కూర్చుంటామంటే పక్కింటి వరండాలో చాపలు వేయించాను. ఆ నేలను ఎవర్నీ తొక్కనివ్వలేదు. చెంబును చూడడం, నేలను చూడడం. పాతకాలం శాసనాల్లో అరిగిపోయిన అక్షరాన్ని పోల్చుకోవడం నా చదువు. ఇక్కడ పోల్చుకోవడానికి అక్షరమే లేదు. ఒక మనిషి నీళ్లు తాగింది, అంతే. లేదా అంతే కాదు.

పన్నెండో రోజు దాటాక చెంబు తోమి బోర్లించాను. తోముతుంటే తట్టింది, ఆమె ఏమనుకున్నారో తెలిసినా నేను ఆ పని చేయడానికి ముందు కవితాళ వెళ్లాల్సిందే కదా అని. మర్నాడు బస్సెక్కాను. కంపెనీ బస్సు కాదు, కిటికీ అద్దం లేని మామూలు బస్సు.

రేణుక మిషన్ మీద నుంచి లేచి నన్ను కావలించుకుని ఏడ్చింది. "పెద్ద మేడం పోయినంక ఎవరు రారనుకున్న" అంది. రొట్టె, వాళ్లు పుండికూర అనే గోంగూర పెట్టింది. తిన్నాను. చాయ్ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని బేరం మొత్తం చెప్పాను. పోతనాళ దగ్గరవుతుందని, పిల్లలకు వీలని, మోకాలికీ మంచిదని, అయితే మా జట్టుకు నువ్వెంత ముఖ్యమో కూడా తెలుసని, చివరికి "నీకేది మంచిదనిపిస్తే అదే చేద్దాం" అని ముగించాను. చాలా బాగా చెప్పాననుకున్నాను.

రేణుక మొహం మారిపోయింది.

"మీరేమనుకుంటున్నరు మేడం?"

"నాదేముంది, నీ ఇష్టం..."

"గిది అడుగుడు కాదు మేడం. గిది నా నెత్తిన పెట్టుడు. నేను ఉంటనంటే రేపు ఓడితే నా మీదికొస్తది. పోతనంటే ఇడిచిపెట్టి పోయిందంటరు. పెద్ద మేడం గిట్ల అడగకుండె. నేను గిట్లనుకుంటున్న, నీదేంది చెప్పు అంటుండె. ముందు మీది చెప్పుండ్రి."

బయట ఎవరో జాకెట్ల కోసం వచ్చి పిలిచారు. రేణుక పలకలేదు. నా వైపే చూస్తోంది. క్యాచర్లు అలా చూడగలరు, బంతి వచ్చేదాకా రెప్ప వేయరు.

నాకు మళ్లీ చెంబు గుర్తొచ్చింది. అత్తమ్మ ఏమనుకున్నారో అని మనసు అటు పరుగెత్తింది. దాన్ని ఆపాను. ఆమె అనుకున్నది ఆమెతో వెళ్లిపోయింది. ఇక నేను ఏమనుకుంటున్నానో చూసుకోవాలి. చూసుకుంటే, ఆశ్చర్యం, అది అక్కడే ఉంది. చాలా రోజుల నుంచీ ఉంది.

"నువ్వు ఉండాలి" అన్నాను. "తెచ్చుకున్న పిచర్ బంతిని పట్టేవాళ్లు లేకపోతే ఆ పిచర్ ఎందుకు? మూడో బేస్ దగ్గర ఆడే పిల్ల చెయ్యి బలంగా ఉంది. దాన్ని పిచర్‌ను చెయ్యాలి, నువ్వే చెయ్యాలి. మోకాలు నొచ్చిన రోజు కుర్చీలో కూర్చునే నేర్పు. ఈ ఏడు ఓడితే ఓడతాం. మాట పడేది నేను."

"ఓడుడెందుకు?" అంది రేణుక, కళ్లు తుడుచుకుంటూ. "గా పిల్ల బంతి ఇడిచేటప్పుడు మెడ తిప్పుతది. అది మాన్పిస్తే చాలు. రేపటికెల్లి పంపుండ్రి. గీ మాట ముందే చెప్తే అయిపోతుండె గద మేడం, చాయ్ సల్లారిపాయె." నా చేతిలో గ్లాసు లాక్కుని లోపలికి వెళ్లింది, వేడి చేయడానికి.

బాబాయిగారికి బస్టాండులో నిలబడే ఫోన్ చేశాను.

"ఆలోచించుకో అమ్మాయ్. పిచర్‌తో పాటు ఇంకో పిల్లను కూడా కలుపుతాను. మీ అత్తగారైనా ఈ బేరం వదులుకునేవారు కాదు."

"వదులుకునేవారో లేదో నాకు తెలీదు బాబాయిగారూ. నేను వదులుకుంటున్నాను."

"సరే అయితే. చలికాలంలో చూసుకుందాం" అన్నారు. గొంతులో కోపం లేదు.

సావుకారు దగ్గర అంత తేలిక కాలేదు. పిచర్ లేకుండా ఆడతారా, ఇంత ఖర్చు పెట్టి నలుగురిలో నవ్వులపాలు కావాలా అన్నాడు. పిచర్ తయారవుతోంది, మీరు ఏ సాయంత్రమైనా కవితాళ వెళ్లి చూడొచ్చు అన్నాను. ఆయన వెళ్లలేదు. మూడో బేస్ పిల్ల మాత్రం కవితాళ బస్సులో రోజూ వెళ్లొస్తోంది. మెడ తిప్పడం ఇంకా మానలేదట. "మానుతది" అని రేణుక ఫోన్లో అంటుంది. నమ్మకమా అని అడగబోయి, మానేశాను.

దసరా వెళ్లిపోయింది. మార్పిళ్ల గడువు ముగిసింది. మా జట్టు ఇదే.

ఇత్తడి చెంబును మళ్లీ తెచ్చి క్యాచర్ చోట పెట్టాను. పిచర్ చోట పాత పప్పుగుత్తి పెట్టడానికి మనసొప్పలేదు, పిచర్ కొత్తది కదా అని మా పిల్లల పాలగ్లాసు పెట్టాను. ఇంటికొచ్చినవాళ్లకు నీళ్లివ్వడానికి వేరే గ్లాసులు కొన్నాం. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చెంబు వెనక కాసేపు కూర్చుంటాను. పీట అక్కడే ఉంది. దాని మీద కూర్చోవడానికి ఇంకా ధైర్యం చాల్లేదు. పక్కన బండల మీదే కూర్చుంటాను. అక్కడి నుంచీ మైదానమంతా కనిపిస్తుంది, గుమ్మం దగ్గర ఎండలో మెరిసే మూడు గ్లాసుల దాకా.