కృష్ణ ఒడ్డున మిగిలిన చుక్క

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాటే. ఇప్పుడు మీకు చెప్పేయబోతున్నాను. భయమా, సంబరమా? రెండూ కాబోలు.

తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టిక్కర్ల షాపులో కంప్యూటర్ మీద డిజైన్లు చేసేదాన్ని. మాది నల్గొండ వైపు పల్లె, సైదాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నా పక్క కుర్చీ సాంబశివరావు గారిది. ఆయన సొంతూరు తెనాలి, కాపురం ఎల్‌బీ నగర్‌లో.

అబ్బ, ఆ రోజుల్లో రోడ్డంతా ఊగిపోయేది! ర్యాలీ వస్తే కుర్చీలో నిలవలేకపోయేదాన్ని. బయటికి పరుగెత్తి, గొంతు పోయేలా నినాదాలిచ్చి, మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. బండి మీద అంటించుకోవడానికి అందరికీ తెలంగాణ నక్షా కావాలి. నేను గీస్తానని ఎగిరి గంతేశాను.

గీస్తే తెలిసింది. కంప్యూటర్‌లో వంపు గీత చుక్కల మీద నిలబడుతుంది. ఒక చుక్కను లాగితే పక్కన ఉబ్బుతుంది. ఆదిలాబాద్ సర్దితే కరీంనగర్ చెడుతుంది. మొండిగా ప్రతి మెలికకూ ఒక చుక్క పెట్టుకుంటూ పోయాను, సరిహద్దంతా చీమలబారులా తయారైంది. కటింగ్ మిషన్‌కిస్తే బ్లేడు చుక్కచుక్కకూ తడబడి స్టిక్కర్ చిరిగిపోయింది. కీబోర్డు గుద్దాను. ఏడ్చాను కూడా.

మర్నాడు భోజనం చేసి వచ్చేసరికి నక్షా తయారు! సాంబశివరావు గారు మొదటి నుంచి గీసేశారు. వంపు మొదలయ్యే చోట ఒక చుక్క, ముగిసే చోట ఒకటి, అంతే. బ్లేడు ఎక్కడా ఆగకుండా సర్రున తిరిగొచ్చింది. నాకు ఒళ్లు పులకరించింది.

ఆ నక్షా పెద్ద అంబర్‌పేట్ దాకా బండ్ల మీదికి ఎక్కింది. కానీ బందులతో మిగతా పని పడిపోయింది. ఇక ఒక్కరినే ఉంచుకుంటానని ఓనరు ఒక పొద్దున మాకు చెప్పాడు. ఆ మధ్యాహ్నమే ఉద్యమంలో తిరిగే యువకులు వచ్చారు. నక్షా గీసినవాళ్లకు ఎల్‌బీ నగర్ సభలో శాలువా కప్పుతారట.

"గిది ఎవరు గీసిన్రు? మస్తుగున్నది" అన్నాడు ఒకతను.

ఓనరు మా ఇద్దరి వైపూ చూశాడు.

"నేనే అన్నా" అన్నాను.

సాంబశివరావు గారి చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. "అవునండీ, ఆ అమ్మాయే" అన్నారు.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా, చప్పట్ల మీద ఆశతోనా? లేక మన నక్షాను ఒక ఆంధ్రా మనిషి గీశాడని నలుగురికీ తెలియడం నాకే ఇష్టం లేకపోయిందా? ఈ చివరిది ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది. శాలువా కప్పినప్పుడు సిగ్గుపడ్డానని రాస్తే బాగుండేది. పడలేదు. ఆనందంతో తేలిపోయాను.

ఓనరు నన్నే ఉంచుకున్నాడు. నెలాఖరున ఆయన క్యారేజీ సర్దుకున్నారు. వెళ్తూ వెళ్తూ నా స్క్రీన్ మీదికి వంగారు.

"కృష్ణ దగ్గర ఒక చుక్క ఎక్కువ పడిందమ్మా. తీసెయ్, ఎప్పుడో ఒకసారి బ్లేడు పట్టుకుంటుంది."

మళ్లీ ఆయన్ని చూడలేదు. వెతకనూ లేదు.

ఆ ఫైలు ఇవాళ తెరిచాను. చుక్క అక్కడే ఉంది. తీయడానికి ఎన్నోసార్లు చెయ్యి వెళ్లింది, ఆగింది. ఆ నక్షా మీద నా చెయ్యి పడకూడదు.

అది నేను గీయలేదు. సాంబశివరావు గారు గీశారు.