కిటికీ వైపు వరుస

మా ఇంట్లో భాగాలు పంచిన రోజు నేను వంటింటి తలుపు వెనకాల నిలబడి ఉన్నాను. వేరుపడుతున్నది నాయన, చిన్నాయన. చిన్నాయన మా నాయనకు ఒక్కడే తమ్ముడు. రస్తాకు అవతలి చేనులో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. కొట్లాటేమీ లేదు. పెద్దమనుషులు నడవలో కూర్చుని పైపులు, స్ప్రింక్లర్లు, ఇత్తడి గంగాళాలు ఒక్కొక్కటిగా రెండు కుప్పలు చేయిస్తున్నారు. పెద్దవాడు కుప్పలు వేయాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి. ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఇది. పెద్దవాడు మోసం చేయకుండా పెట్టిన పద్ధతి. చిన్నవాడి గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

అన్నీ అయ్యాక సోలార్ బ్యాటరీ దగ్గరికి వచ్చారు.

ఆ బ్యాటరీని నేనూ చిన్నాయనా కలిసి కట్టాం. డిగ్రీ అయ్యి అనంతపురం నుంచి తిరిగొచ్చాక నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. పొద్దున అమ్మతో కలిసి పట్టుపురుగులకు ఆకు వేయడం, మధ్యాహ్నం ఏదో ఒక పుస్తకం, సాయంత్రం డైరీ. చిన్నాయన దగ్గర మాత్రం నోరు తెరిచేదాన్ని. ఆయన ఒకరోజు మోటార్ సైకిల్ మీద లిథియం సెల్స్ తెచ్చాడు. నీలం రంగులో, ఇటుకల్లా బరువుగా, మొత్తం పదహారు. "చదువుకున్నావు కదా, చదివి చెప్పు పాపా" అని వాటితో వచ్చిన పుస్తకం నా చేతిలో పెట్టాడు.

నేను చదివాను. చదవడమే కాదు, ఒక్కో సెల్‌ని నిండా ఛార్జింగ్ చేసి, బల్బులు తగిలించి, ఎంతసేపు నిలుస్తుందో చూశాను. పైకి అన్నీ ఒకేలా ఉన్నాయి కానీ అందులో సగం తొందరగా దిగిపోయాయి. లోపల సత్తువ లేదు. ఆ సంగతి చిన్నాయనకు ఒక్కడికే చెప్పాను.

"మీ నాయనకు చెప్పాకు. అంగడాయన మీదికి కొట్లాటకు పోతాడు," అన్నాడు. సరేనన్నాను.

సత్తువ లేనివాటికి వేడి తగలకూడదని వాటిని పెట్టెలో కిటికీ వైపు వరుసగా పేర్చాం. గట్టివి గోడవైపు. పదహారింటినీ ఒకదానికొకటి తగిలించి, మీద బీఎంఎస్ బిగించాం. అదొక చిన్న పెట్టె, సెల్స్‌కి కాపలాదారు. వరుసలో ఏ ఒక్క సెల్ అలసిపోయినా మొత్తం ఆపేస్తుంది. లేకపోతే ఆ సెల్ చచ్చిపోతుంది. ఆ బ్యాటరీ మీదే మా పురుగుల షెడ్డులో కూలర్లు తిరిగేవి. వేసవిలో మా వైపు ఎండ దిగాక కూడా షెడ్డు గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి, కరెంటేమో సరిగ్గా అప్పుడే పోతుంది. వేడి తగిలితే పురుగుకు పాలు కారే రోగం వస్తుంది. ఒక తట్టలో మొదలైతే ఇక ఆగదు.

భాగాలు పంచేనాటికి షెడ్డు నిండా పురుగులున్నాయి. మూడో జ్వరం లేచి ఆకు మీద పడ్డాయి. జ్వరం అంటే రోగం కాదు, పురుగు మేత మానేసి పొర విడిచే సమయం. నాలుగోది అయ్యాక అవి తినే తిండికి అంతుండదు. కూలర్లు తప్పనిసరి అయ్యేది అప్పుడే.

"దీన్నెట్ల పంచేదప్పా?" అన్నాడు ఒక పెద్దమనిషి, బ్యాటరీ పెట్టె మూత తీయించి.

"ఎట్ల ఏముండాది? ఆ పక్క ఎనిమిది, ఈ పక్క ఎనిమిది. దేవుడే వరసలు పెట్టిచ్చినాడు," అన్నాడు ఇంకొకాయన.

అందరూ నవ్వారు.

"మరి ఈ పెట్టెలు?"

"పెద్దది ఒకరికి, చిన్నది ఒకరికి. అయిపాయె."

పెద్దది ఇన్వర్టర్, చిన్నది బీఎంఎస్. ఆ ఇన్వర్టర్ పదహారు సెల్స్ ఉంటేనే పనిచేస్తుంది. ఎనిమిదితో అసలు లేవదు. ఇటు బీఎంఎస్ లేని సెల్స్‌ని నమ్మి వాడుకోలేం. విడదీస్తే ఇద్దరికీ పనికిరాదన్న సంగతి ఆ ఇంట్లో తెలిసింది ఇద్దరికే. నడవలో కూర్చున్న చిన్నాయనకు, తలుపు వెనకాల ఉన్న నాకు. ఆయన చెబుతాడని చూశాను. "పంట అయ్యేదాకా దీన్ని కదిలించొద్దు" అంటాడనుకున్నాను. పెద్దవాళ్ల మధ్యకు వెళ్లి నేను చెప్పడం అన్నది నా ఊహలోకే రాలేదు. ఆయన ఉన్నాడు కదా.

"ఏ వరస కావాల తమ్ముడా?" అన్నాడు నాయన.

చిన్నాయన పెట్టెలోకి చూడను కూడా చూడలేదు. "గోడపక్కది నాకియ్యన్నా. పెద్ద పెట్టె గూడా. చిన్న పెట్టె అంటే పాపకు ఇష్టం, దాన్ని దానికే ఉండనీ."

ఆ మాటకు అందరూ వంటింటి వైపు తిరిగి నవ్వారు. ఆయన తిరగలేదు.

ఆ రోజు డైరీలో ఎండ గురించి మాత్రమే రాశాను. తొందరలో అడిగాడేమో, ఏ వైపు ఏవి ఉన్నాయో మర్చిపోయాడేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు చిన్నాయనవాళ్లు మిద్దె మీది సోలార్ ప్యానెళ్లు కూడా సగం విప్పుకుని వెళ్లారు. మిగిలిన దానితో షెడ్డు నడిపే పని నాది. అటక మీద, పాత రెండు బ్యాటరీల కాలంనాటి ఇన్వర్టర్ ఒకటి ఉంది. ఎనిమిది సెల్స్ దానికి సరిపోతాయి. కిందికి దింపి దుమ్ము దులిపాను. బీఎంఎస్ నుంచి సెల్స్‌కి వెళ్లే సన్నటి తీగలన్నీ విప్పి, ఎనిమిదింటికే మళ్లీ వరుస తప్పకుండా బిగించాను. ఒక్క తీగ అటూ ఇటూ అయితే ఆ పెట్టె కాలిపోతుంది. బిగించిన ప్రతిచోటా మీటరు పెట్టి చూసుకున్నాను. ఫోన్లో బీఎంఎస్ యాప్ తెరిచి, సెల్స్ ఎన్ని అన్నచోట పదహారు తీసి ఎనిమిది పెట్టాను. పాత ఇన్వర్టర్ ఇచ్చే ఛార్జింగ్ ఈ సెల్స్‌కి మించిపోకుండా దాని సెట్టింగ్ తగ్గించాను.

"ఏమ్మే, షాక్ కొడుతుందేమో చూసుకో," అంటూ అమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.

"కొట్టదులేమ్మా."

"నీకు తెల్సులే. ఆయప్ప గూడా ఉండింటే బాగుండు."

కూలర్ తిరిగింది. ఇలాంటప్పుడు కేక వేసి పిలిచేది చిన్నాయననే. పెట్టె మూత మూసి మరలు బిగించాను.

నాలుగో జ్వరం లేచాక అసలు సంగతి బయటపడింది. పొద్దు దిగుతుండగా కరెంటు పోయింది. కూలర్లు కాసేపు తిరిగి ఆగిపోయాయి. ఫోన్లో చూశాను. ఒక సెల్ పూర్తిగా జారిపోయింది, మిగతావి దాని వెనకే దిగుతున్నాయి. బీఎంఎస్ ఆపేసింది. ఆపకపోతే తప్పు. నేనూ అమ్మా గోనెసంచులు తడిపి కిటికీలకు కట్టాం. రెండురోజులు అలాగే గడిచాక తట్టల్లో ఒకటీ అరా పురుగులు ఉబ్బి, పసుపుపచ్చగా మారి, అంచుల వెంట తిరగసాగాయి.

రస్తా దాటి చిన్నాయన ఇంటికి వెళ్లాను. కొత్త గచ్చు మీద మా గోడవైపు వరుసలోని ఎనిమిది సెల్స్ కూర్చుని ఉన్నాయి. పక్కన ఒక చిన్న కొత్త ఇన్వర్టర్.

"రా పాపా, కూర్చో. పురుగులెట్లుండాయి?"

"పాలు కారతాండాయి చిన్నాయనా. పురుగులు గూడు కట్టేదాకా ఈ వరస మాకియ్యి. మావి నువ్వు పెట్టుకో. అయినంక నేనే తెచ్చిస్తా."

"భాగాలైపోయినంక మార్చుకుంటే ఊర్లోవాళ్లు నగరా?" అని నవ్వాడు. "మీ నాయన కుప్పలేసినాడు, నేను ఎంచుకున్నా. మళ్లీ తిరకాసెందుకు?"

"నీకు తెల్సు కదా ఇవి మంచివని."

"నువ్వు చెప్తేనే కదమ్మా తెల్సింది," అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. మామూలుగా, నాకేదో మేలు చేస్తున్నట్టు అన్నాడు. చిన్నమ్మ మజ్జిగ తెచ్చింది. తాగాను. ఎందుకు తాగానో తెలియదు. తిరిగొస్తూ రస్తా మీద, ఆ మాటలో తప్పెక్కడుందో వెతికాను. ఒక్కటీ అబద్ధం కాదు.

ఇక దాచలేక నాయనకు అన్నీ చెప్పాను. కిటికీ వైపు ఏవి ఉన్నాయో, అవెందుకు అక్కడున్నాయో, ఎవరికి తెలుసో.

"వాడట్ల చేసేవాడు కాదు," అన్నాడు నాయన. "ఎనిమిదికి ఎనిమిది పంచినారు. ఆడ వాని ఇంట్లో తెల్లార్లూ లైటు వెలుగుతాండాది. ఈడ సందేళకే ఆరిపోతాది. నువ్వే యాడనో తప్పు పెట్టింటావు, మళ్లొకసారి చూడుపో."

మళ్లీ చూశాను. తప్పు లేదని తెలిసీ తీగలన్నీ మళ్లీ విప్పి బిగించాను, నాయన చూస్తున్నాడని.

ఆ పంటలో దక్షిణం వైపు తట్టలన్నీ పోయాయి. గుంత తీసి సున్నం చల్లి పూడ్చాం. మిగిలినవి ఒకేసారి కాకుండా, ముందొకటి వెనకొకటిగా పండాయి. పండిన పురుగు ఆగదు. ఆకు వదిలేసి తల ఎత్తి గూడు కట్టే చోటుకోసం వెతుకుతుంది. వెంటనే ఏరి, వెదురు చంద్రికల మీదికి ఎక్కించకపోతే పట్టంతా ఆకుమీదే పోతుంది. అందుకని ఆ రోజు అయినవాళ్లందరూ వస్తారు. పిలవాల్సిన పనిలేదు.

చిన్నాయనా చిన్నమ్మా కూడా వచ్చారు. గుమ్మం దగ్గర మందునీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి వచ్చారు. ప్రతి పంటకూ కూర్చున్నట్టే ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఆయన చేయి తేలిక. పురుగు నలగదు. అది ఎప్పుడూ నాకు నచ్చేది. ఆ రోజు కూడా నచ్చింది, అందుకే ఎక్కువ బాధ వేసింది.

"పాపా," అన్నాడు మెల్లగా. "కొత్త బీఎంఎస్ తెప్పిచ్చినా. అంగడాయన ఫోన్లో ఏందేందో చెప్తాడు, నా బుర్రకెక్కల్యా. సాయంత్రం వచ్చి రవ్వంత పెట్టిచ్చి పో."

"అంగడాయన్నే పిలిపిచ్చుకో చిన్నాయనా."

"ఆయనెందుకు? నీకు తెల్సు కదా?"

"తెల్సు."

నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అవతల చంద్రికలు నిలబెడుతున్న నాయన తల తిప్పి మా ఇద్దరినీ చూశాడు. చిన్నాయన తట్టలోకే చూస్తూ, ఏరిన పురుగును చేతిలో అట్లాగే పెట్టుకున్నాడు.

"ముచ్చట్లు చాలు, పురుగు కాచుకోనుండదు," అని అమ్మ కేక వేసింది.

నేను నా గంప తీసుకుని చిన్నమ్మ పక్కకు వెళ్లి కూర్చున్నాను.