పూత మీదున్న ఆవ

మా వైపు ఆవాలు పోపుల డబ్బాలో ఉంటాయి గానీ చేలో ఉండవు. అలాంటి చోట నాలుగు రకాల ఆవ వేసి, నీళ్ళు కరువైతే ఏ రకం మొక్కలో ఏ మార్పు వస్తుందో తేల్చడం నా పరిశోధన. వీరులపాడు దగ్గర మా పెదనాన్న తన చేలో ఒక మూల ఇచ్చారు. సగం మళ్ళకు తడులు పెట్టాలి. మిగతా సగానికి పూత మొదలైన దగ్గర్నుంచి చుక్క నీరు పడకూడదు. ఒకటికి పదిసార్లు చెప్పాను. ఆయనా తలూపారు.

నీళ్ళు అందకపోతే మొక్క తట్టుకోవడానికి ఆకులో ప్రోలీన్ అనే పదార్థాన్ని పోగేసుకుంటుంది. ల్యాబులో మందు కలిపి మరిగిస్తే, అది ఎంత ఉంటే ట్యూబు అంత ఎర్రబడాలి. నా ట్యూబులన్నీ ఒకటే లేత గులాబీ! మందు పాతదేమోనని కొత్తది తెప్పించాను. మూడుసార్లు చేశాను. వేళ్ళు కూడా కాల్చుకున్నాను. గడువు ఇంకో ఏడాదే. ఈ పంట పోతే మళ్ళీ చలికాలం దాకా ఆగాలి, అదే ఆఖరి అవకాశం. ఏడుపొక్కటే తక్కువ.

ఒళ్ళు మండి, చేనే చూద్దామని నందిగామ బస్సెక్కాను. ఎండాల్సిన మడిలో కాలు పెడితే చెప్పు దిగబడింది.

"పెదనాన్నా! నీళ్ళు పెట్టారా?"

"నువ్వు ఊరెళ్ళినప్పుడల్లా ఒక తడి ఇచ్చా. పూత మీదున్న పైరు తలొంచేస్తే చూస్తా కూర్చోమంటావా? ఎంత పచ్చగా ఉన్నయ్యో చూడు!"

పైగా నేను మెచ్చుకుంటానని చూస్తున్నారు!

"నా కొంప ముంచారు కదా!" అని అరిచాను. పక్క చేలో మిరపకాయలు కోసేవాళ్ళు పని ఆపి చూశారు.

మరుసటి ఏడు మళ్ళీ వేశాను. ఈసారి ఆయన చెయ్యి నా నెత్తిన పెట్టించి, నేను చెప్పేదాకా ఆ మళ్ళకు నీళ్ళు పెట్టనని ఒట్టేయించుకున్నాను. ట్యూబులు ఎర్రబడ్డాయి. ఒక రకమైతే మందారప్పువ్వే. వెంటనే ఫోన్ చేశాను.

"బాగా ఎర్రగా వచ్చింది పెదనాన్నా!"

"అంటే పాపం, బాగా దాహమేసిందన్నమాట. నీ పని అయిపోయిందిగా. ఒట్టు తీసెయ్యమ్మా, ఒక్క తడి ఇస్తా."

అయిపోలేదు. గింజలో నూనె ఎంత తగ్గిందో ఇంకా చూడాలి. ఆయన మీద కోపమొచ్చింది. నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

"వద్దు పెదనాన్నా," అన్నాను.