మా బాబాయి ఇల్లుబండి మైలేజీ

ఆ రోజుల్లో డీజిల్ ఎంత ఉండేదో చెబితే ఇప్పటి వాళ్ళు నవ్వుతారు. అప్పటి జీతాలు కూడా చెబితే ఆ నవ్వు ఆగిపోతుంది. నాకు రెండూ గుర్తున్నాయి కాబట్టి ఆ పాత ధరలను తలుచుకుని ఎప్పుడూ మురిసిపోలేదు. ఈ మధ్య పిల్లలు లోపల మంచమూ పొయ్యీ ఉన్న వ్యాన్లు అద్దెకు తీసుకుని ఊళ్ళు తిరుగుతున్నారు. క్యాంపర్ వ్యాన్ అంటారట. అలాంటిదాన్ని తెనాలిలో మా బాబాయి ఎప్పుడో తయారు చేశాడు. వీధిలో వాళ్ళు దాన్ని ఇల్లుబండి అనేవారు. మా పిన్ని మాత్రం "ఆ ముదనష్టం" అనేది.

అసలు అది మూతపడిన ఒక నర్సింగ్ హోము వాళ్ళ డీజిల్ అంబులెన్సు. బాబాయి దర్జీ. కొట్టులో కూర్చుని ఇరవై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ పెళ్ళి బట్టలు కుట్టి, తాను ఏ పెళ్ళికీ వెళ్ళలేకపోయానన్న బాధ ఆయనకు ఉండేది. ఆదివారాలు ఎటైనా పోవాలని ఆ బండి కొని, చెక్క మంచం బిగించి, పొయ్యికి అరుగు కట్టి, కిటికీలకు పూల గుడ్డతో తెరలు కుట్టాడు. పక్కల మీద ఎర్ర గుర్తులకు తెల్ల రంగు వేయించాడు గానీ ఒక్క పూతే వేయించాడు (రెండో పూతకు అడిగిన ధర ఆయనకు నచ్చలేదు). ఎండ పడితే ఆ గుర్తు లోపలి నుంచి గులాబీ రంగులో కనిపించేది.

పిన్నికి ఇదేమీ నచ్చలేదు. మాది ఇద్దరన్నదమ్ముల ఉమ్మడి సంసారం. పూటకు పద్నాలుగు కంచాలు. వంట ఆవిడదే. "ఇంట్లో ఇంతమందికి వండుతున్నా, అది చాలక ఈ బండికి కూడా పోయాలా?" అని, చివరకు ఒక షరతు పెట్టింది. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తే బండి ఉంటుంది. ఇవ్వకపోతే టెంట్ హౌసు ఆయనకు అమ్మేయాలి. గుండిగలు తోలుకోవడానికి బాగుంటుందని ఆయన అప్పటికే రెండుసార్లు వచ్చి తలుపులు తీసి చూసి వెళ్ళాడు. పన్నెండో కాదో తేల్చే పని నా మీద పడింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, రైసు మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. నేను తప్పు చెప్పనని ఇద్దరికీ నమ్మకం. పైగా అణా పైసలతో సహా చెబుతానని ఇద్దరికీ విసుగు.

ఆదివారం ఉదయం ముగ్గురం బంకుకు వెళ్ళాం. ట్యాంకు నిండుగా పోయించి, తిరిగి వచ్చాక అదే బంకులో మళ్ళీ నిండుగా పోయించి, రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో చూడాలని నా పద్ధతి. గొట్టం దాకా డీజిల్ వచ్చింది. బాబాయి ఊరుకోలేదు. "ఊపండయ్యా, గాలి ఉంటుంది లోపల" అని బంకు అతన్నీ, పక్కనున్న లారీ క్లీనరునూ పిలిచి బండిని అటూ ఇటూ ఊపించాడు. అలా ఊపితే గాలి పోయి ఇంకో లీటరు దాకా పడుతుందని డ్రైవర్లందరికీ తెలుసు. ఇచ్చిన డబ్బుకు గాలి ఇంటికి తెచ్చుకోవడం బాబాయికి ఇష్టం లేదు. పట్టినంతా పట్టించాకే కదిలాం.

బాబాయి బండి వేగం ముప్పై దాటనివ్వలేదు. మోపెడ్ మీద పాల క్యాన్లతో వెళ్తున్న అతను మమ్మల్ని దాటిపోయి, వేమూరులో పాలు పోసేసి, ఎదురొస్తూ చెయ్యి ఊపాడు. అంతటితో ఆగితే బాగుండేది. మా వైపు నేలంతా అరిటాకులా చదునే కదా, పల్లం అంటూ ఉంటే అది కాలవ వంతెన దిగేటప్పుడే. ప్రతి వంతెన మీదా బాబాయి ఇంజను ఆపేసి, "చూశావా అమ్మాయ్, ఇదంతా ఉచితం" అంటూ జారిపోనిచ్చేవాడు. వేమూరు వంతెన దిగాక బండి మళ్ళీ అందుకోలేదు. బ్యాటరీ నీరసించింది.

టీ కొట్టు దగ్గర కూర్చున్న వాళ్ళంతా లేచి వచ్చారు. అంబులెన్సు ఆకారం చూసి ఒకాయన తలగుడ్డ తీసేశాడు. "ఎవరికండీ? ఎలా ఉందండీ?" అన్నాడు మెల్లిగా. తెర పక్కకు జరిపి పిన్ని తల బయట పెట్టి, "నాకేనండి. నెట్టండి బాబూ" అంది. వాళ్ళు ఎంత కంగారుగా నెట్టారంటే ఇంజను అందుకున్నాక కూడా చాలా దూరం వదల్లేదు. నెట్టిన వాళ్ళకు టీ ఇప్పించకుండా వెళ్తే మర్యాద కాదు. ఎనిమిది టీలు. ఇంజను మళ్ళీ ఆపితే ఏమవుతుందోనని దాన్ని ఆడిస్తూనే ఉంచి, వాళ్ళు ఊదుకుంటూ తాగేదాకా నిలబడ్డాం.

"ఉచితం అన్నావు బాబాయ్" అన్నాను.

"టీలు డీజిల్లోకి రావు. నువ్వు లీటర్లే లెక్కపెట్టు" అన్నాడు.

రేపల్లెలో పిన్ని వాళ్ళ అక్క ఉండేది. నాకు దొడ్డమ్మ. ఇంటి ముందు అంబులెన్సు ఆగడం చూసి ఆవిడ వీధిలోకి వస్తూనే ఏడుపు అందుకుంది. లోపలి నుంచి చెల్లెలు నిక్షేపంగా దిగేసరికి ఆ ఏడుపు ఎక్కడ ఆపాలో తెలియక కాసేపు అలాగే కొనసాగించి, "చచ్చినంత పని చేశావే!" అని వీపు మీద ఒకటి వేసింది. బయల్దేరేటప్పుడు బియ్యం బస్తా, అరటి గెల, గోంగూర పచ్చడి జాడీ ఎక్కించింది. బాబాయి ప్రాణం పోయింది. "వదినా, ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్తాం, ఇవాళ బరువు..." అన్నాడు.

"ఏంటి మరిదిగారూ, మా బియ్యం మీకు బరువయ్యాయా?" అంది దొడ్డమ్మ.

ఆ మాట తర్వాత ఎవరైనా ఏం చేస్తారు? రెండో బస్తా కూడా ఎక్కించుకున్నాం. ఊరు దాటాక బాబాయి బండి ఆపి, కడవలో మంచినీళ్ళు సగం పారబోసి వచ్చాడు.

బాపట్ల దాటి సూర్యలంకలో సముద్రం ఎదురుగా బండి నిలిపాం. పిన్ని పొయ్యి వెలిగించి అన్నం వార్చి, ఉల్లిపాయ పులుసు పెట్టింది. మూడు కంచాలు. తిన్నాక వెనక మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, సముద్రం వంక చాలాసేపు చూసింది. నేను గిన్నెలు కడుగుతుంటే, "ఏమే, అరగంట నుంచీ నన్నెవరూ పిలవలేదు, గమనించావా?" అంది. నేను గమనించలేదు. కిలోమీటర్ల లెక్కలో ఉన్నాను.

దీపాలు పెట్టే వేళకు తెనాలి చేరి, అదే బంకులో ఆగాం. పొద్దున్నుంచీ నూట నలభై నాలుగు కిలోమీటర్లు తిరిగాం. పంపు తిరుగుతుంటే బాబాయి ఊపిరి బిగబట్టాడు. సరిగ్గా పన్నెండు లీటర్ల దగ్గర డీజిల్ గొట్టం దాకా వచ్చింది. "పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు!" అని బాబాయి అరిచిన అరుపుకు బంకు వెనక కుక్క లేచి పారిపోయింది.

"ఇంకా ఊపలేదు" అన్నాను.

బాబాయి నా వంక చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. "అమ్మాయ్, గాలి ఆరోగ్యానికి మంచిదే. ఉండనీ" అన్నాడు.

"పొద్దున ఊపించింది నువ్వే కదా. ఊపి నింపినదాన్ని ఊపకుండా ఎలా కొలుస్తాం?"

బంకు అతను ఆయన మొహం చూసి కదల్లేదు. నేనే కుచ్చిళ్ళు ఎగదోపి ఊపడం మొదలుపెట్టాను. గాలి బుడబుడమంటూ పోయింది. ఇంకో లీటరు పట్టింది. పదమూడు. నూట నలభై నాలుగును పదమూడుతో భాగిస్తే పదకొండు పాయింటు సున్నా ఏడు, ఆపైన ఇంకా కొంచెం. గట్టిగా చెప్పాను. బాబాయి వెళ్ళి, తాను కుట్టిన తెరలను ఒక్కొక్కటిగా ముడి వేయసాగాడు. మర్నాడు టెంట్ హౌసు ఆయన వస్తాడు కదా.

పిన్ని బండి దిగలేదు. మంచం మీద కూర్చునే అడిగింది. "పన్నెండు అన్నదెవరు?"

"నువ్వే పిన్నీ."

"ఎవరినైనా అడిగి చెప్పానా? నోటికొచ్చింది, అన్నాను. ఇప్పుడు పదకొండు అంటున్నాను."

"పరీక్ష అయిపోయాక పాసు మార్కు తగ్గిస్తారా ఎక్కడైనా?"

"పేపరు నాది, మార్కు నాది. నువ్వు ఎక్కవే, పొద్దుపోతోంది. ఏవండీ, ఆ తెరలు విప్పండి, దుమ్ము పడుతోంది."

బాబాయి తెరలు విప్పాడు. నేను మాత్రం వారం రోజులు పిన్నితో సరిగా మాట్లాడలేదు. లెక్క నా పక్షాన ఉంది, బండి వాళ్ళ పక్షాన ఉంది. ఇదెక్కడి న్యాయమని నా కోపం.

ఆ ఇల్లుబండి మా ఇంట్లో ఏడేళ్ళు ఉంది. ఆదివారం వస్తే పిన్నే ముందు ఎక్కి కూర్చునేది. ఒక్కసారి కూడా పన్నెండు ఇవ్వలేదు. ఆఖరి రోజుల్లో తొమ్మిదికి కూడా దిగింది. ఎప్పుడైనా ఆవిడ అడుగుతుందేమో, అడిగితే తడుముకోకుండా చెప్పాలని ప్రతి ప్రయాణం తర్వాతా భాగించి, శేషంతో సహా నోటికి పట్టి, ఇంట్లో ఆవిడ ఎదురుగా కాసేపు తచ్చాడేదాన్ని. ఆవిడ ఒక్కసారీ అడగలేదు.