దిమ్మిస జక్కయ్య కొట్టిన నేల కదిలిందట!

హనుమాన్ జంక్షన్ దిగువన మా ఊళ్ళో గట్టిగా నిలబడ్డది ఏదైనా సరే, దాని అడుగున జక్కయ్య చెమట ఉంటుంది. చర్చి అరుగు ఆయనదే. సొసైటీ గోడౌను ఆయనదే. బెజవాడ భవానీపురంలో ఏటిగాలికి ఎదురొడ్డి నిలిచిన మూడంతస్తుల మేడ అడుగు కూడా ఆయనదే. గోడలు లేపినవాళ్ళు వేరు, రంగులు పూసినవాళ్ళు వేరు. నేలను నేలగా చేసింది మాత్రం ఆయన. చదివింది ఐదో తరగతి, అదీ ఈ ఊరి బళ్ళోనే. పెద్దయ్యాక అదే బడికి కొత్త గది వేస్తే దాని నేల కొట్టిందీ ఆయనే. ఇంత ఘనత ఎంతమందికి ఉంది చెప్పండి?

మా నల్లరేగడి ఎండకు నోరు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది. దాన్ని లొంగదీయడం మాటలు కాదు. పైమట్టి తీసెయ్యాలి, గ్రావెల్ పొయ్యాలి, నీళ్ళు పెట్టి నాననివ్వాలి, ఆ పైన మట్టి అణిగేలా వరస తప్పకుండా దిమ్మిస ఎత్తి కొట్టాలి. జక్కయ్య దిమ్మిస తుమ్మమొద్దుతో చేసింది, అడుగున ఇనపకట్టు. పనయ్యాక చెప్పులు విప్పి మడమతో ఒక్క తొక్కు తొక్కుతాడు. మడమ నొప్పెట్టాలి, నేలకు గుర్తు పడకూడదు. అదీ ఆయన పరీక్ష.

అలాంటి మనిషి టీ తాగుతుండగా, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు జెస్సికా బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి మంచం మీద పడేసింది.

"తాతయ్యా, మా సైన్సు గదిలో నేల రోజంతా ఊగుతోంది తెలుసా? కంప్యూటర్లో చూశాం."

టీ గొంతుకు అడ్డంపడింది. ఆ గది నేల ఆయన కొట్టిందే మరి!

సంగతేమిటంటే, సైన్సు చెప్పే డయానా టీచర్ ఆ గది మూల ఒక చిన్న పెట్టె పెట్టించింది. నేల ఎంత సన్నగా కదిలినా అది పట్టేసి ఇంటర్నెట్‌లోకి పంపుతుంది. తెర మీద గీత వంకర్లు తిరుగుతుంది. గన్నవరం వైపు ఒక బళ్ళోనూ అలాంటి పెట్టే ఉంది. ఇంకా ఎన్ని దేశాల గీతలైనా పిల్లలు కూర్చున్నచోటే చూడొచ్చు. భూకంపాల పాఠం అలా చెబుతోంది ఆవిడ.

ఆ సాయంత్రమే బావమరిది నతానియేలు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆయన తాపీమేస్త్రి. సైన్సు గదికి టైల్స్ వేసింది ఆయనే. చర్చికి కట్టబోయే కొత్త హాలు పనీ ఆయనకే వచ్చింది.

"ఏం బావా, నీ నేల ఉయ్యాల ఊగుతోందంటగా?"

"ఊగితే నీ టైల్సు ఊగుతుంటాయి రా. నా మట్టి కదలదు."

"టైలు ఎక్కడన్నా తనంతట తను ఊగుద్దా? కింద సరుకు సరిగ్గా ఉండాలిగాని. అందుకే హాలుకి బెజవాడ నుంచి నేల కొట్టే మిషను తెప్పిద్దామనుకుంటున్నా. నువ్వు హాయిగా కూర్చుని ప్రార్థన చేసుకో."

జక్కయ్య మొహం మాడిపోయింది. తను కొట్టిన ఆఖరి నేల ఆ హాలుది కావాలని, దాని మీద ఊరంతా మోకరించాలని ఆయన ఆశ. ఊగే నేల కొట్టాడన్న పేరొస్తే ఎవరు పిలుస్తారు?

రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. గది లోపల మట్టికేం ఢోకా లేదు. మొన్నటి వానలకు గోడ వెంబడి బయటి మట్టి వదులయ్యుంటుంది, అంతే. తెల్లారగానే దిమ్మిస భుజానేసుకుని బడికి వెళ్ళి, పిల్లలు రాకముందే గోడ పొడుగునా దబదబా కొట్టి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"ఇవాళ ఎలా ఉందమ్మా నేల?" అని సాయంత్రం మెల్లగా అడిగాడు.

"అమ్మో, ఇవాళ ఇంకా ఎక్కువ ఊగింది తాతయ్యా! పొద్దున్నే పెద్ద పెద్ద పళ్ళు లేచాయి గీతకి."

మర్నాడు ఇంకా గట్టిగా కొట్టాడు. గీతకు ఇంకా పెద్ద పళ్ళు లేచాయి. ఆ పై రోజు నడుముకు తువ్వాలు బిగించి, కబడ్డీలో గుడివాడ కూతగాణ్ణి పట్టిన నాటి బలమంతా తీసి కొట్టాడు. తెర మీద గీత మొసలి నోరైపోయింది.

బళ్ళో పిల్లలకు ఒకటే ఉత్సాహం. డయానా టీచర్ గన్నవరం గీత తెరిపించింది. అక్కడ ఆ వేళకు ఏమీ లేదు. అండమాన్ గీతలోనూ లేదు.

"నిజం భూకంపమైతే పక్క ఊళ్ళోనూ కనిపించాలిగా? మనకొక్కళ్ళకే వచ్చిందంటే ఏమిటర్థం?"

"మన పక్కనే ఎవరో ఉన్నారు టీచర్!"

"గేదె గోడకి వీపు రుద్దుకుంటోందండీ!" అన్నాడు సాత్విక్.

"ఇంత వరసగానా? అది లెక్కల గేదె అయ్యుండాలి," అంది జెస్సికా.

మర్నాడు పొద్దున్నే టీచరూ పిల్లలూ గోడ చాటున నక్కారు. దబ్... దబ్... తొంగిచూసిన జెస్సికా నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"తాతయ్యా! భూకంపం నువ్వేనా?"

"నేనేం చేశానే? నేల గట్టిపరుస్తున్నాను!"

టీచర్ నవ్వు ఆపుకుంటూ ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి తెర ముందు కూర్చోబెట్టింది. బయట జెస్సికా, సాత్విక్ కలిసి దిమ్మిస లేపి ఒక్కటి వేశారు. తెర మీద ఠక్కున ఒక పన్ను లేచింది. ఇంకోటి వేశారు. ఇంకో పన్ను.

"ఓరి దేవుడా! నా దిమ్మిసే నా నేల పరువు తీసిందా?" అన్నాడు జక్కయ్య. వెంటనే ఇంకో అనుమానం వచ్చింది. "మరి మొదట్రోజు ఊగింది? అప్పటికి నేను రాలేదుగా!"

"అది పిల్లల పరుగులు, హైవే మీద లారీలూనండీ. ఏ నేలైనా అంతమాత్రం కదులుతుంది. మీ నేల గట్టిది కాబట్టే గీత ఇంత శుభ్రంగా ఉంది. గన్నవరం వాళ్ళది చూడండి, గొంగళిపురుగులా ఎలా ఉందో. పెట్టె కింద నేల గుల్లగా ఉందని వాళ్ళ సారే మొత్తుకుంటున్నారు."

జక్కయ్య కుర్చీలో నిటారుగా అయ్యాడు. "ఆ ముక్క మా బావమరిదికి ఫోన్లో చెప్పండి టీచరమ్మా. గట్టిగా చెప్పండి."

చెప్పింది. అటు నతానియేలు కాసేపు గొణిగి, "సరే లెండి. మిషను వద్దంటాను. హాలు నేల బావనే కొట్టమనండి. నా టైల్సు జోలికి మాత్రం రావొద్దనండి" అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఆయన జక్కయ్య ఎందుకవుతాడు?

మర్నాడు సైన్సు పీరియడ్‌లో పిల్లలు గన్నవరం గీత చూస్తున్నారు. ఉన్నట్టుండి దాని మీద ఒక పన్ను లేచింది. పక్కన ఇంకోటి. ఇంకోటి. వరస తప్పడం లేదు.

"టీచర్, భూకంపం!" అని అరిచాడు సాత్విక్.

జెస్సికా తల కొట్టుకుంది. "భూకంపం కాదురా. పొద్దున్నే మా తాతయ్య దిమ్మిసతో గన్నవరం బస్సెక్కాడు."