అనసూయక్క చెప్పని కారణం

కరెంటు పోయినప్పుడల్లా, మరాఠీ ఊళ్లోని మా తెలుగు నేతగాళ్ల అశోక్ చౌక్ వాడలో ఒక తమాషా జరుగుతుంది. పొద్దుటి నుంచి టకటకలాడిన మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, మనుషుల గొంతులు మాత్రం తగ్గవు. ఆ చప్పుడు మీదుగా అరిచి మాట్లాడుకోవడం అలవాటైన గొంతులు కదా, రెండిళ్ల అవతల ఏం కూర వండుకున్నారో వాడంతటికీ తెలిసిపోతుంది. నిన్న మధ్యాహ్నం కూడా అలాగే కరెంటు పోయింది. ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టేవాళ్ల ముచ్చట్లన్నీ నా వంటింట్లోకి వచ్చి పడుతుంటే, ఈ వాడలోనే పుట్టి పెరిగి, నేనెరిగినంతలో ఎన్నడూ గొంతు పెంచని అనసూయక్క గుర్తొచ్చింది.

ఆమె ఒక తువ్వాళ్ల కార్ఖానాలో పర్సొనెల్ ఆఫీసరు. ఇప్పుడు ఆ పనినే హెచ్ఆర్ అంటున్నారు. చదువు ముగించి నేను ఆమె కిందే ఉద్యోగంలో చేరాను. పనిలోకి తీసుకోవడం, సెలవులు, తగవులు అన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి. బీడీలు చుట్టి చదివించిన తల్లి కూతురు. నవ్వు అరుదు, మాట తక్కువ. ఎవరితో మాట్లాడాలన్నా కుర్చీలోంచి లేచి, వాళ్లెదురుగా వచ్చి నిలబడేది. మొదట్లో ఆమె అంటే నాకు భయమే తప్ప ఇష్టం లేదు, దాచడమెందుకు.

చేరిన కొత్తలో, తువ్వాళ్లకు అంచులు కుట్టే విభాగం నుంచి ఒక అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. అక్క నన్ను బయటికి పంపి తలుపు వేసింది. ఆ అమ్మాయి వెళ్లిపోయాక నేను ఆగలేకపోయాను. చాయ్ అందిస్తూ, "ఏమైందట అక్కా?" అని అడిగాను.

"చాయ్‌ల చక్కెర తక్కువైంది," అంది.

"అది కాదక్కా, ఆ పిల్ల..."

"ఆ పిల్లకు ఏం గావాల్నో అది చేసిన పద్మా. ఇగ నువ్వడిగేది పనికోసమా, పొద్దుపోకనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజంతా ఆమె మీద లోలోపల మండిపడ్డాను. అయినా మరునాటి నుంచి ఆ అమ్మాయిని వేరే షిఫ్టుకు మార్చారని, ఆమె ముఖం తేటపడిందని గమనించకుండా ఉండలేకపోయాను.

అసలు అక్క ఏమిటో నాకు అర్థమైంది రాజయ్య సంగతిలో. రాజయ్య మా పెద్ద షెడ్డులో పాత నేతగాడు. ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడులో బతికి బతికి అతనికి చెవులు పోయాయి. షెడ్డులో ఆ లోటు బయటపడదు. అక్కడ చెవులున్నవాళ్లకూ మాట వినబడదు గనక అందరూ పెదవులు చూసి, చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. బయటికి వస్తేనే చిక్కు. ఒకనాడు కార్ఖానా చూడటానికి అతిథులు వచ్చారు. వాకిట్లో వెళుతున్న రాజయ్యను మా యజమాని కొడుకు, మేం చిన్న సేఠ్ అనేవాళ్లం, వెనకనుంచి పిలిచాడు. రాజయ్య ఆగలేదు. మళ్లీ గట్టిగా పిలిచినా తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. అతిథుల ముందు చిన్న సేఠ్‌కు తలతీసినంత పనయింది. రేపటి నుంచి వాడు పనిలోకి రావద్దని అక్కకు కబురు పెట్టాడు.

అక్క ముందు రాజయ్య దగ్గరికి వెళ్లింది. చెవుల సంగతి సేఠ్‌కు చెప్పనా అని అడిగింది. వద్దని అతను చేతులు పట్టుకున్నాడు. చెవిటివాడని తెలిస్తే సాయంత్రానికి ఆ మాట వాడ దాటి కొంతం చౌక్ దాకా పాకుతుందని, ఇక్కడే కాదు, ఏ కార్ఖానాలోనూ తనకు మగ్గం ఇవ్వరని అతని భయం. ఇదంతా నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ రోజు నేను చూసింది మాత్రం సేఠ్ గదిలో జరిగింది.

"కారణ్ కాయ్?" అన్నాడు చిన్న సేఠ్ మరాఠీలో. వెంటనే తెలుగులోకి మారాడు. "ఎందుకు పల్కలేదు వాడు? చెప్పు."

"కారణం ఉన్నది సేఠ్. నాకు ఎరికే. ఆయన మిమ్ముల అవమానం చెయ్యలే. ఇంతకు మించి నేను చెప్పరాదు."

"జీతం ఇచ్చేది మేము. వాని సంగతి మాకాడ దాస్తవా?"

"రేపు మీ సంగతి ఎవరన్న నన్నడిగినా, ఇట్లనే దాస్త."

ఆమె గొంతు పెంచలేదు. చిన్న సేఠ్, "సరే, ఉండనీ. బాధ్యత నీదే," అన్నాడు. రాజయ్య పని నిలిచింది. దానికి మూల్యం మాత్రం అక్కే చెల్లించింది. కొత్తవాళ్లను తీసుకునే పని ఆమె చేతినుంచి తీసేసి ఇంకొకరికి అప్పగించారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి ఇంత పంతమెందుకని ఆమెనే నిలదీశాను.

"చెప్తే నా బరువు దిగుతది. ఆయన నెత్తికెక్కుతది," అంది, అంతే.

ఆ తర్వాత ఎవరి పేరూ ఎత్తకుండా, షెడ్డులో అందరికీ చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇవ్వాలని వెంటపడి సాధించింది. నేతగాళ్లు వాటిని చూసి పకపకా నవ్వారు. ఆమె రోజూ షెడ్డులోకి వెళ్లి, నవ్వినవాళ్ల ఎదుట నిలబడి, వాళ్లు పెట్టుకునేదాకా కదిలేది కాదు. ఆమె మొండితనం నాకు ముద్దుగా అనిపించడం అప్పుడే మొదలైంది.

ఆమె రిటైరైన రోజు మగ్గాలు ఆపి షెడ్డులోనే సభ పెట్టారు. చిన్న సేఠ్ ఆమెకు సన్మానంగా చద్దరు కప్పాడు. ఎవరూ పిలవకుండానే రాజయ్య ముందుకొచ్చాడు. ఆ నిశ్శబ్దంలో అతని గొంతు గోడలకు కొట్టుకుంది.

"నాకు చెవులు ఇనబడయ్. శాన ఏండ్ల సంది. గీ అక్కకు ఒక్కదానికే ఎరిక."

చిన్న సేఠ్ ముఖం పాలిపోయింది. అతను వేదిక దిగి, జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, రాజయ్య ముఖానికి ముఖం ఎదురుగా నిలబడి నెమ్మదిగా అడిగాడు. "రాజయ్యా, రేపు పనికొస్తవు గదా?"

రాజయ్య ఆ పెదవులనే చూశాడు. "వస్త సేఠ్," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అక్క మాత్రం చద్దరు సర్దుకుంటూ నేల చూపులు చూసింది.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. కొత్తగా చేరిన పిల్లలు ఎవరి గురించైనా ఆరా తీస్తే నేనూ చాయ్ సంగతి ఎత్తుతున్నాను, నాకే నవ్వొస్తుంది. అక్క పోయి కొన్నేళ్లయింది. రాజయ్య తన నోటితో చెప్పుకున్నాడు గనక అతని సంగతి ఇక్కడ రాయగలిగాను. తలుపు వేసిన ఆ గదిలో ఇంకా ఎందరు ఏమేం చెప్పుకున్నారో, అవన్నీ ఆమెతోనే వెళ్లిపోయాయి. వాటిలో నాదీ ఒకటుంది.